32 అక్షరాల తెలుగు మెసేజ్‌కి రెండు కోతలా?

కావలి మేతకొట్టు: అన్నా, మాది కావలి దగ్గర రొయ్యల మేత కొట్టు. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో 400 మంది రైతులకు మెసేజ్‌లు పంపుతాను. నిన్న 400 పంపితే బ్యాలెన్స్‌లో 800 పోయినాయి. పంపింది ఇదే:
"రైతులకు మనవి: మేత లోడ్ రేపు ఉదయం వస్తుంది. పాత బాకీ కట్టి తీసుకెళ్లగలరు."
వేలు పెట్టి లెక్కేసినా 32 అక్షరాలే. 160 దాకా ఒకటే లెక్క అని ప్యాక్ అమ్మినాయన చెప్పాడు. ఏందిది?

ఒంగోలు ట్యూషన్: 160 ఇంగ్లిషుకి. తెలుగుకి 70. అమ్మేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు.

కావలి మేతకొట్టు: 70 అయినా నాది 32 కదన్నా.

పాత ఎక్స్ఛేంజి: నేను టెలికాంలో చేసి రిటైరయ్యాను, చెబుతా. మన అక్షరం వేరు, దాని అక్షరం వేరు. గుణింతం విడిగా ఒకటి, ఒత్తుకి ముందొచ్చే పొల్లు ఒకటి, సున్నా ఒకటి. "నెల్లూరు" మనకు మూడు అక్షరాలు. దానికి న, ఎత్వం, ల, పొల్లు, ల, ఊత్వం, ర, ఉత్వం: మొత్తం 8. "శ్రీ" ఒక్కటే 4. ఖాళీలూ చుక్కలూ కూడా లెక్కే. మీ మెసేజ్ నేను కాగితం మీద విడగొట్టి చూశా. ఒక్క "తీసుకెళ్లగలరు" 13 తినేసింది. మొత్తం 72.

కావలి మేతకొట్టు: అంటే రెండు ఎక్కువైనందుకు 400 మెసేజ్‌లు పోయినాయా! చివర చుక్క, మనవి పక్కన కోలన్ తీసేసుంటే సరిపోయేదా?

పాత ఎక్స్ఛేంజి: సరిపోయేది, సరిగ్గా 70. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 పడతాయి. తెలుగుకి ఒక్కోదానికి 16 బిట్లు, అందుకే 70. దాటితే ముక్కలవుతుంది. ఏ ముక్క ఎక్కడ అతకాలో ఫోన్‌కి చెప్పడానికి ప్రతి ముక్కలోనూ 6 బైట్లు పోతాయి. అందుకే ముక్కకి ఇంగ్లిషులో 153, తెలుగులో 67 మాత్రమే. ఈ 160 కూడా ఆకాశం నుంచి పడింది కాదు. 1985లో హిల్లెబ్రాండ్ అనే జర్మనీ ఇంజినీరు టైప్‌రైటర్ ముందు కూర్చుని మామూలు వాక్యాలు కొట్టి, అక్షరాలు లెక్కపెట్టుకుని, ఇంత చాలనుకున్నాడు. ఆయన లెక్కలో మన ఒత్తులెక్కడివి!

ఒంగోలు ట్యూషన్: ఇంగ్లిషులో రాసినా తప్పించుకోలేం. ఫీజు గుర్తుచేస్తూ 150 అక్షరాల ఇంగ్లిషు మెసేజ్ పెట్టాను, మూడు కోతలు పడ్డాయి. రెండు రోజులు జుట్టు పీక్కున్నా. చివరికి చూస్తే అంకె ముందు రూపాయి గుర్తు ఉంది. ఆ గుర్తు 7 బిట్ల ఇంగ్లిషు అక్షరాల పట్టికలో లేదట. అదొక్కటి ఉన్నా మెసేజ్ మొత్తం 70 లెక్కలోకి పోతుంది. వర్డ్ నుంచి కాపీ చేస్తే వచ్చే వంకర కొటేషన్లతో కూడా ఇదే గొడవ. నోట్‌ప్యాడ్‌లో కొట్టుకోండి.

గూడూరు నిమ్మ: ఇంత టెన్షన్ ఎందుకన్నా, తెలుగునే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టెయ్. మా మార్కెట్లో ధరలన్నీ అట్లనే వస్తాయి.

కావలి మేతకొట్టు: అదీ అయింది. పోయిన నెల "బాకీ కట్టి" అని అట్లా కొడితే ఒకాయన "బాకీ కత్తి" అని చదువుకుని ఫోన్ చేశాడు. నవ్వుతూనే చేశాడనుకో. మా రైతుల్లో సగం మందికి ఇంగ్లిషు అక్షరాలు రావు, ఇంట్లో పిల్లోళ్ల చేత చదివించుకోవాలి.

గూడూరు నిమ్మ: మరి వాట్సాప్?

కావలి మేతకొట్టు: చెరువు గట్టు మీద కీప్యాడ్ ఫోన్లే ఎక్కువ.

పొదిలి నెట్ సెంటర్: చుక్క తీసెయ్యడం సులువే గానీ, ముందు టెంప్లేట్, అదే మెసేజ్ నమూనా, మళ్లీ రిజిస్టర్ చేయించుకో తమ్ముడూ. బల్క్ మెసేజ్‌ల నమూనాలు నమోదు చేసే డీఎల్‌టీలో ఆమోదించిన దానికీ నువ్వు పంపేదానికీ తేడా ఉంటే మెసేజ్ పోదు. కొత్తది పెట్టేటప్పుడు "మనవి" కూడా తీసెయ్, రైతుకి కావాల్సింది లోడ్ ఎప్పుడనే. "రేపు" ఉన్నచోట వేరియబుల్, అంటే మాట మార్చుకునే ఖాళీ పెట్టుకో, రోజు మార్చుకోవచ్చు.

పాత ఎక్స్ఛేంజి: ఇంకో మాట. మన భాషల కోసం 7 బిట్ల పట్టికలు కూడా ప్రమాణాల్లో ఉన్నాయి, తెలుగుకీ ఉంది. అది వాడితే ఇంగ్లిషంత కాకపోయినా దగ్గర దగ్గరగా పడుతుంది. కానీ పంపే సాఫ్ట్‌వేరూ, అందుకునే ఫోనూ రెండూ దాన్ని ఎరిగుండాలి. నేను చూసిన బల్క్ ప్యాకుల్లో ఒక్కదాంట్లోనూ ఆ ఆప్షన్ లేదు.

కావలి మేతకొట్టు: వారం తర్వాత వచ్చా. కోలన్, చివరి చుక్క తీసేసి, "రేపు" దగ్గర వేరియబుల్ పెట్టి టెంప్లేట్ ఆమోదం తెచ్చుకున్నా. "మనవి" మాత్రం ఉంచానన్నా, అది లేకపోతే పెద్దోళ్లని గదమాయించినట్టుంటుంది. మొన్న 400కి 400 కోతే పడింది. ఇప్పుడే డీలర్ ఫోన్ చేశాడు, లోడ్ రేపు కాదంట, ఎల్లుండంట. "ఎల్లుండి" ఎన్ని?

పాత ఎక్స్ఛేంజి: 8. "రేపు" 4. మొత్తం 74.

పొదిలి నెట్ సెంటర్: ఆ మనవి తీసెయ్యమని చెప్పానా లేదా!