ఒకే గుడ్లగూబ రక్తంలో రెండు పరాన్నజీవులా? రికార్డులో ఏమని రాయాలి?

ప్రశ్న (ఎమ్మెస్సీ జువాలజీ విద్యార్థిని):
రెస్క్యూ సెంటర్‌కి వచ్చిన మచ్చల గుడ్లగూబల (ఎథీనీ బ్రామా) రక్తం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. ఒక పక్షి స్లైడులో ఎర్ర కణాల లోపల కేంద్రకం చుట్టూ వంగి ఉన్న పరాన్నజీవులు కనిపించాయి. వాటిలో ముదురు గోధుమరంగు గింజలు కూడా ఉన్నాయి. అదే రక్తంతో సైటోక్రోమ్ బి జన్యువుకి పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు నకళ్లు పెంచడం) చేసి సీక్వెన్సింగ్‌కి పంపితే, కొన్ని చోట్ల ఒకే స్థానంలో రెండేసి పీకులు (రెండు వేర్వేరు డీఎన్ఏ అక్షరాల గుర్తులు) వచ్చాయి. హెటరోజైగస్ (ఒకే జీవిలో ఆ జన్యువుకి రెండు రూపాలు) అని రాసేయనా? జెన్‌బ్యాంకు అనే సీక్వెన్సుల భాండారంతో పోల్చే బ్లాస్ట్‌లో పైన వచ్చిన పేరు హీమోప్రోటియస్ నాక్టువే (గుడ్లగూబల రక్తంలో ఉండే ఒక పరాన్నజీవి). అదే పెట్టేయమంటున్నారు సీనియర్లు. వైవా దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (మైక్రోబయాలజీ రీసెర్చ్ స్కాలర్):
ముందు రివర్స్ ప్రైమర్‌తో, అంటే అవతలి చివర నుంచి కూడా చదివించమ్మా. రెండు వైపులా అవే చోట్ల రెండు పీకులు ఉంటే అది నాయిస్ కాదు.

జవాబు (వెటర్నరీ పారాసైటాలజీ ల్యాబ్ నుంచి):
హెటరోజైగస్ అని మాత్రం రాయొద్దు తల్లీ, వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. రక్తంలో ఉండే దశలో ఈ జీవులు హాప్లాయిడ్, అంటే క్రోమోజోములు ఒక్క సెట్టే. ఆడ, మగ గామీట్లు కలవడం, ఆ తర్వాత మియోసిస్ (క్రోమోజోములు సగమయ్యే విభజన), అంతా కుట్టే పురుగు కడుపులోనే. పైగా సైటోక్రోమ్ బి ఉండేది మైటోకాండ్రియాలో. ఒక్కో పరాన్నజీవిలో దానికి చాలా నకళ్లు ఉంటాయి కానీ మామూలుగా అన్నీ ఒకటే. కాబట్టి శుభ్రంగా ఉన్న క్రోమాటోగ్రామ్‌లో (పీకుల గ్రాఫులో) రెండు పీకులు ఉన్నాయంటే ఆ పక్షిలో రెండు వంశాలు (పరాన్నజీవి డీఎన్ఏ రకాలు) ఉన్నాయని ముందు అనుమానించాలి. ట్యూబులు కలుషితమయ్యాయా అన్నది నెగటివ్ కంట్రోల్ (రక్తం డీఎన్ఏ వేయని ట్యూబు) చూసి తేల్చుకో.

గుడ్లగూబల్లో ఇలాంటి కలగాపులగం కొత్తేమీ కాదు. జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ షౌడిన్ 1904లో యూరప్ చిన్న గుడ్లగూబ (ఎథీనీ నాక్టువా) రక్తం చూసి పెద్ద కథే అల్లాడు. కణాల్లో ఉన్న హీమోప్రోటియస్ దోమలోకి వెళ్లి ట్రిపనోసోమాగా (రక్తంలో ఈదే మరో పరాన్నజీవిగా) మారుతుందని, ల్యూకోసైటోజూన్ అనే ఇంకో రక్త పరాన్నజీవి స్పైరోకీట్‌గా (మెలికల బ్యాక్టీరియాగా) మారుతుందని ప్రకటించాడు. నిజానికి ఆ పక్షుల్లో వేర్వేరు జీవులు కలిసి ఉన్నాయి. ఆయన వాటిని ఒకే జీవి దశలనుకున్నాడు. మరుసటి ఏడాదే ఎరిక్ హాఫ్‌మన్‌తో కలిసి సిఫిలిస్ క్రిమిని కనిపెట్టినంతటి మనిషి! సూక్ష్మదర్శినిలో ఆయనంత చూపు మనకెవరికీ లేదు, అయినా స్లైడు ఒక్కటే చాలలేదు. సీక్వెన్సు ఒక్కటే కూడా చాలదనుకో.

ఇక నీ స్లైడు సంగతి. గోధుమరంగు గింజలు హీమోజోయిన్, అంటే హీమోగ్లోబిన్ తినగా మిగిలిన రంగు. అది ఉంటే ల్యూకోసైటోజూన్ కాదు. రక్తంలో గామెటోసైట్లే (గామీట్లుగా మారే కణాలే) ఉండి, విభజన చెందుతున్న మెరాంట్లు ఎక్కడా లేకపోతే హీమోప్రోటియస్ వైపు మొగ్గు. ఒక్క మెరాంట్ దొరికినా ప్లాస్మోడియం (మలేరియా పరాన్నజీవి) కూడా ఉన్నట్టే. ఓపిగ్గా ఎక్కువ ఫీల్డులు చూడు, అక్కడ తొందరపడితే తర్వాత ఎంత పీసీఆర్ చేసినా లాభం లేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
మెరాంట్లు కనిపించలేదు సార్. మరి రెండో వంశం ఏదో ఎలా తెలుస్తుంది? పేరు ఏం పెట్టాలి?

జవాబు (వెటర్నరీ పారాసైటాలజీ ల్యాబ్ నుంచి):
పీసీఆర్ ప్రొడక్ట్‌ను క్లోన్ చేసి (ముక్కలను బ్యాక్టీరియాలో విడివిడిగా పెంచి), కొన్ని కాలనీలు విడివిడిగా చదివించు. ఒక్క కాలనీలోనే కనిపించిన తేడాను నమ్మొద్దు, అది పాలిమరేస్ (నకళ్లు తీసే ఎంజైము) తప్పు కావచ్చు. ల్యూకోసైటోజూన్‌కి నెస్టెడ్ (రెండు రౌండ్ల) పీసీఆర్‌లో రెండో రౌండు ప్రైమర్లు వేరు, అవీ వేసి చూడు. ట్రిపనోసోమా ఈ ప్రైమర్లకు దొరకదు, దానికి 18ఎస్ జన్యువు చూడాలి.

పేరు విషయంలో సీనియర్ల మాట వినకు. జెన్‌బ్యాంకులో పేరు పెట్టేది సీక్వెన్సు పంపినవాళ్లే, అందులో తప్పులున్నాయి. పక్షుల మలేరియా, దాని బంధువులైన పరాన్నజీవుల కోసం 2009లో మొదలైన మాల్‌ఏవీ డేటాబేస్‌లో పోల్చు. అక్కడ సుమారు 480 బేసుల ముక్కలో ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే వంశంగా లెక్కిస్తారు. స్లైడులో ఆకారం కూడా కుదిరితే తప్ప జాతి పేరు వద్దు. ‘హీమోప్రోటియస్, జాతి నిర్ధారణ కాలేదు, వంశం ఫలానా’ అని రాయడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంకోటి, పీసీఆర్ పాజిటివ్ వచ్చి స్లైడులో ఏమీ లేకపోతే ఆ పక్షి నుంచి పురుగుకు అంటుకుంటుందని రాయకు. పరాన్నజీవి లోపలికి వచ్చి మధ్యలోనే ఆగిపోయి ఉండొచ్చు.

జవాబు (మైక్రోబయాలజీ రీసెర్చ్ స్కాలర్):
రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వేసిన ట్యూబులో తీశారా? అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. గడ్డకట్టకుండా ఆపడానికి ఈడీటీఏ మేలు. పక్షుల ఎర్ర కణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి చుక్క రక్తంలోనే గుడ్లగూబ డీఎన్ఏ కుప్పలుగా వస్తుంది. పలుచన చేసి వేయండి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ఈడీటీఏనే అండి. స్లైడులు కాలేజీలో పెట్టెలో ఉన్నాయి.

జవాబు (వెటర్నరీ పారాసైటాలజీ ల్యాబ్ నుంచి):
పెట్టెలో ఉంటే సరిపోదు. స్లైడు నంబరు, పక్షి రింగు నంబరు ఉంటే అదీ, దొరికిన ఊరు, తేదీ సీక్వెన్సు రికార్డులోనే రాయి. దీపావళి ముందు క్షుద్రపూజల కోసం పట్టుకొస్తూ దొరికిన పక్షి అయితే ‘స్వాధీనం చేసుకున్నది, పుట్టిన చోటు తెలియదు’ అని ఉండాలి. లేకపోతే ఆ వంశం ఆ ఊరిదేనని రేపు ఎవరో మ్యాపులో చుక్క పెడతారు. అటవీశాఖ అనుమతి పత్రం నంబరు కూడా థీసిస్‌లో చేర్చు, గుడ్లగూబలకు చట్ట రక్షణ ఉంది కాబట్టి ఎగ్జామినర్ తప్పక అడుగుతారు.