రెబ్బే ఆశీర్వాద లేఖను కాపాడటం ఎలా?

ఇజ్రాయెల్‌లోని క్ఫార్ హబాద్‌లో ఒక పెద్దావిడకు సంరక్షకురాలిగా పనిచేస్తున్నాను. లుబావిచ్ అనే హసీదీ యూదు శాఖకు ఆరో రెబ్బే (ఆధ్యాత్మిక గురువు) అయిన యోసెఫ్ యిత్స్‌హాక్ ష్నియర్సన్ యూదు సంవత్సరం 5708లో, అంటే 1947-48లో, ఆవిడ తండ్రికి స్వదస్తూరితో ఆశీర్వాద లేఖ రాశారు. హసీదులు, అంటే ఈ సంప్రదాయానికి చెందిన యూదులు, ఆశీస్సు కోరేటప్పుడు తమ పేరుకు తల్లి పేరు చేర్చి చెబుతారు. అందుకే అందులో ఆవిడ నాయనమ్మ పేరు కూడా ఉంది. రోజూ అక్కడే వేలు ఆనించి చూసుకుంటారు.

ఇప్పుడు మడతల దగ్గర కాగితం చిరుగుతోంది, సరిగ్గా ఆ పేరు మీదుగానే. సిరా చెమ్మకు అలుక్కుంటోంది. కొడుకు లామినేషన్ చేయిద్దామంటున్నారు. వేడికి, జిగురుకు ఉన్నది కూడా పోతుందని నా భయం.

పాత రాతప్రతుల పరిరక్షణ తెలిసినవారు దయచేసి చెప్పండి: పలుచని జపాన్ కాగితం, గోధుమ గంజితో చిరుగు అతికించవచ్చా? ఈ సిరా ఆ తడికి తట్టుకుంటుందా? అంతవరకు దేనిలో భద్రపరచాలి?