ఎంఎస్సీ నర్సింగ్ థీసిస్: లేబర్ రూమ్‌కి పనికొచ్చే టాపిక్ చెప్పండి

లేబర్‌రూమ్_సిస్టర్:
ఓబీజీ (ప్రసూతి, స్త్రీల వ్యాధులు) నర్సింగ్ ఎంఎస్సీలో చేరాను. సీనియర్ల థీసిస్‌లు చాలావరకు ఒకటే తీరు: ప్రశ్నాపత్రం ఇవ్వడం, ఒక క్లాసు చెప్పడం, మళ్ళీ అదే ప్రశ్నాపత్రం, మార్కులు పెరిగాయని రాయడం. తల్లికి ఏం ఒరిగిందో ఎక్కడా కనపడదు. రేపు డ్యూటీలో వాడుకునే పని చేయాలని నా కోరిక.

తెనాలి_నర్స్:
కాన్పయ్యాక పోయే రక్తం మీద చేయండి. మా దగ్గర ఇప్పటికీ కంటి అంచనాయే. గుడ్డలు తడిసిపోయినా కేస్‌షీట్‌లో ‘నార్మల్’ అనే రాస్తారు. బెళగావి వాళ్ళ అధ్యయనం 2006లో వచ్చింది. గీతలున్న ప్లాస్టిక్ సంచిలో కొలిచినదాని కన్నా కంటి అంచనా 33 శాతం తక్కువగా తేలింది. మన పక్క రాష్ట్రంలోనే తేలిన సంగతి, మన వార్డుల్లోకి ఇంకా రాలేదంటే బాధేస్తుంది.

మిడ్‌వైఫ్_యూకే:
కాన్పు తర్వాతి రక్తస్రావం మీద జరిగిన ఈ-మోటివ్ ట్రయల్ తప్పకుండా చదవండి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో 80 ఆసుపత్రుల్లో చేశారు, ఫలితాలు 2023లో వచ్చాయి. సంచితో కొలవడం, రక్తస్రావం ఎక్కువని తెలియగానే గర్భసంచి మసాజ్, ఆక్సిటోసిన్ (గర్భసంచి బిగుసుకునే మందు), ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు), సెలైన్, రక్తం ఎక్కడినుంచి వస్తోందో పరీక్ష అన్నీ వెంటనే చేయడం. ఇందులో కొత్త మందు ఒక్కటీ లేదు. మామూలుగా ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి అని ఆగుతాం చూడండి, ఆ ఆగడం మానేశారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల కడుపు కోసి ఆపరేషన్ చేయడం, మరణం కలిపి లెక్కిస్తే 60 శాతం తగ్గాయి.

నైట్‌డ్యూటీ:
బాగుంది కానీ కాన్పయ్యాక మొదటి గంటలో 15 నిమిషాలకోసారి రక్తస్రావం చూడాలి. రాత్రిపూట ఒక్కరమే ఉంటే, పక్క టేబుల్ మీద ఇంకో కాన్పు జరుగుతుంటే ఎవరు చూస్తారు? అది కూడా థీసిస్‌లో రాయండి మేడమ్. ఎన్నిసార్లు చూడాలి, నిజంగా ఎన్నిసార్లు చూడగలిగారు, ఆ షిఫ్టులో ఎంతమంది ఉన్నారు. మా కష్టం కాగితం మీదికి ఎక్కేది అలాగే.

తెనాలి_నర్స్:
నైట్‌డ్యూటీ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ఇంకోటి, బిడ్డ బయటికొచ్చాకే సంచి పెట్టండి, లేకపోతే ఉమ్మనీరు కలిసి లెక్క తప్పుతుంది. సంచి దొరక్కపోతే ప్యాడ్‌లు తూచండి. తడి బరువులోంచి పొడి బరువు తీసేస్తే గ్రాముకి దాదాపు ఒక మిల్లీలీటరు.

లేబర్‌రూమ్_సిస్టర్:
పోయిన రక్తం 500 మిల్లీలీటర్లు దాటిన క్షణం నుంచి మొదటి చికిత్స దాకా ఎన్ని నిమిషాలు పట్టిందో కొలుద్దామనుకుంటున్నాను, షిఫ్టులో సిస్టర్లు ఎంతమందో పక్కనే రాస్తాను. సోమవారం గైడ్ మేడమ్‌కి చూపిస్తా. ఎథిక్స్ కమిటీకి సమ్మతి పత్రం తెలుగులో రాసినవాళ్ళెవరైనా ఉన్నారా? నొప్పుల మధ్యలో సంతకం అడగడం నాకిష్టం లేదు, గర్భిణీల ఓపీలోనే ముందుగా వివరించాలని ఉంది.