నెట్‌లోగోలో మొదలెట్టిన మోడల్ పెద్దదైంది, ఇప్పుడు దేనికి మారాలి?

ప్రశ్న:
అంటువ్యాధి ఎలా పాకుతుందో చూద్దామని నెట్‌లోగో అనే సిమ్యులేషన్ టూల్‌లో ఏజెంట్ మోడల్ (ఒక్కో మనిషినీ విడిగా నడిపేది) రాశానండి, మనుషులు తిరుగుతుంటారు, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, అంతవరకు బానే నడిచింది. ఇప్పుడు దానికి ఆస్పత్రి బెడ్ల క్యూ కలపాలి, పైగా ఒక్కో మనిషి ఒంట్లో వైరస్ పెరగడం తగ్గడం డిఫరెన్షియల్ ఈక్వేషన్‌తో నడవాలి. అన్నీ టిక్కుల్లోనే (నెట్‌లోగోలో టైమ్ నడిచే అడుగులు) ఇరికిస్తుంటే బెడ్ ఒక క్షణంలో ఖాళీ అవుతుంది, పేషెంట్ లోపలికెళ్ళేది మాత్రం తర్వాతి టిక్కులో. పైథాన్ వచ్చు. ఈ మూడూ పట్టే ఫ్రేమ్‌వర్క్ ఏదైనా ఉందా?

రిప్లై 1:
చిక్కంతా టైమ్ దగ్గరేనండి. ఏజెంట్లకి అది అడుగులు అడుగులుగా నడుస్తుంది, క్యూకి ఒక ఈవెంట్ నుంచి ఇంకోదానికి దూకుతుంది, ఈక్వేషన్‌కి ఆగకుండా పారుతుంది. బెర్నార్డ్ జీగ్లర్ 1976లో పెట్టిన డెవ్స్ పద్ధతిలో ప్రతి భాగం తన తర్వాతి ఈవెంట్ ఎప్పుడో చెప్తుంది, సిమ్యులేటర్ వాటిలో ముందొచ్చేదాని దగ్గరికి గడియారం జరుపుతుంది. మీరూ అదే చెయ్యండి, ఈవెంట్లు నడిపే పైథాన్ లైబ్రరీ సింపైని పెద్ద గడియారంగా పెట్టి, ఏజెంట్ మోడళ్ళ పైథాన్ లైబ్రరీ మెసాలో ఏజెంట్ల అడుగుని కూడా అందులో రోజుకోసారి వచ్చే ఒక ఈవెంట్‌గా వేసెయ్యండి. వైరస్ లెక్క ప్రతి క్షణం చెయ్యక్కర్లేదు, వైరస్ మీరు పెట్టుకున్న హద్దు దాటే టైమ్ లెక్కల లైబ్రరీ సైపైలోని సాల్వర్‌తో కనుక్కుని దాన్నే ఈవెంట్‌గా పెట్టాలి, మధ్యలో మందు మొదలైతే పాత ఈవెంట్‌ని కొట్టేసి మళ్ళీ లెక్కెయ్యాలి. ఈ కొట్టేయడం మర్చిపోతే మాత్రం కోలుకోని మనిషి కోలుకున్నట్టు వస్తాడు, ఎర్రర్ కూడా రాదు, జాగ్రత్త.

రిప్లై 2:
ఎనీలాజిక్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో మూడూ కలిపే ఉంటాయి, నేర్చుకోడానికి ఉచిత ఎడిషన్ ఉంది. కానీ రాయాల్సింది జావాలో.

రిప్లై 3:
దేనికి మారినా ఏజెంట్లు ఏ వరసలో కదులుతున్నారో ముందు చూసుకోండి, ఇది నిజంగా ఫలితాన్నే మార్చేస్తుంది. 1992లో నోవాక్, మే గళ్ళ మీద ఖైదీల డైలమా (సహకరించాలా, మోసం చెయ్యాలా అనే ఆట) ఆడిస్తే సహకరించేవాళ్ళు గుంపులుగా నిలబడ్డారు, మరుసటి ఏడాది హ్యూబర్‌మన్, గ్లాన్స్ అందర్నీ ఒకేసారి కాకుండా ఒక్కొక్కర్నీ అప్‌డేట్ చేస్తే ఆ గుంపులు నిలబడలేదు, రూల్స్ అవే! నెట్‌లోగోలో ఏజెంట్లని నడిపే ఆస్క్ కమాండ్ ప్రతిసారీ వరస తారుమారు చేస్తుంది, మెసా 3లో షఫుల్ డూ (shuffle_do) వాడితేనే అలా వస్తుంది, ఉత్త డూ అయితే ఎప్పుడూ ఒకటే వరస. సీడ్ (ర్యాండమ్ అంకెలు మొదలయ్యే అంకె) ఒకటే ఇచ్చినా రెండుచోట్లా అంకెలు కలవవు కాబట్టి ఒక్క రన్ కాదు, వందల రన్‌లు తీసి వాటి డిస్ట్రిబ్యూషన్లు పోల్చండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి, గడియారం మాట పట్టుకుని క్యూ వరకు మార్చాను, బెడ్ ఆలస్యం పోయింది. సరిగ్గా ఒకే టైముకి బెడ్ ఖాళీ అవడం, కొత్త పేషెంట్ రావడం పడితే ఏది ముందు?

రిప్లై 1:
సింపైలో ప్రయారిటీ సమానమైతే ముందు షెడ్యూల్ చేసింది ముందు. దాన్ని నమ్ముకుని వదిలెయ్యకండి, ఖాళీ అవడం ముందు అని మీరే రూల్‌గా రాసి పెట్టండి.