‘కవర్’ అంటే సంచి కాదా?

ప్రశ్న (కందుకూరు):
మా ఊరి అంగట్లో ‘కవరియ్యన్నా’ అంటే సంచి చేతికొస్తుంది. బెంగళూరు ఆఫీసు క్యాంటీన్‌లో అదే ఇంగ్లీషులో అడిగితే, ఢిల్లీ కుర్రాడు డబ్బా మూత తెచ్చిచ్చాడు! తప్పెవరిది?

నెల్లూరు నుంచి:
పాపం, అతనిదేం లేదక్కా. కవరంటే కప్పేది: మూత, పుస్తకం అట్ట, దిండు గలీబు. సంచిని బ్యాగ్ అనాలి. ఉత్తరం పెట్టేది ఎన్వలప్. స్టాంపులు పోగుచేసేవాళ్లు మాత్రం, కొత్త స్టాంపు విడుదలైన రోజు ముద్ర పడిన ఎన్వలప్‌ని ‘ఫస్ట్ డే కవర్’ అనే అంటారు.

ఒంగోలు నుంచి:
క్రికెట్‌లో పాయింట్‌కీ మిడాఫ్‌కీ మధ్య నిలబడేవాడూ కవరే. ఇన్సూరెన్స్‌లో ‘5 లక్షల కవర్’ అంటే కంపెనీ గరిష్ఠంగా అంతవరకు భరిస్తుందని. నేను అదేదో ఫైలు కవరనుకున్నా!

కందుకూరు:
సరే తమ్ముడూ. కానీ మా ఫ్యాన్సీ అంగట్లో ‘బ్యాగివ్వన్నా’ అంటే స్కూలు బ్యాగులు దించుతాడు. ఇక్కడికి కవరే.