రాజ్‌దూత్ 350: రెండు కార్బొరేటర్లు సమానం చేసుడెట్ల?

మిర్యాలగూడ_టూస్ట్రోక్:
అన్నలూ, బండి 1986 మోడల్, రెండు సిలిండర్ల టూస్ట్రోక్. ఐడిల్‌ల ఎడమ సిలిండర్ సక్కగ కొడతలేదు. రేసు వదిలినంక ఆర్‌పీఎం దిగనీకి శానా సేపు పడుతున్నది. ఎడమ ప్లగ్గు తెల్లగ, కుడిది నల్లగ తడిగ. ప్లగ్గులు కొత్తయే, పాయింట్ల (ప్లగ్గుకు కరెంటు కొట్టించే కాంటాక్టులు) గ్యాప్ 0.35 ఎంఎం పెట్టిన, ఎయిర్ స్క్రూలు (ఐడిల్‌ల గాలి, పెట్రోల్ పాలు సరిచేసేటివి) రెండూ ఒకటిన్నర చుట్టు. కేబుల్ సింక్ (రెండు కార్బొరేటర్లు ఒక్కసారే తెరుచుకునేటట్టు) ఎట్ల చెయ్యాలె? వాక్యూమ్ గేజ్ కొనాల్నా?

నల్లగొండ_స్పానర్:
గేజ్ అక్కర్లేదు తమ్మీ, కని సింక్ జోలికి ఇప్పుడే పోకు. ఆర్‌పీఎం దిగుతలేదు, ప్లగ్గు తెల్లగున్నదంటే ఎడమ దిక్కు ఎక్కడనో గాలి గుంజుతున్నది. ఐడిల్‌ల పెట్టి కార్బొరేటర్‌కు, సిలిండర్‌కు నడుమ ఉన్న రబ్బరు మీద కార్బ్ క్లీనర్ జర కొట్టు (సైలెన్సర్ దిక్కు పడనియ్యకు). సౌండ్ మారితే అక్కడనే లీకు. లేకుంటే మ్యాగ్నెట్ ఎనక క్రాంక్ సీల్ (క్రాంక్ షాఫ్ట్ చుట్టు గాలి ఆపేది) చూడు.

కుడిది వేరే జబ్బు. పెట్రోల్ తడైతే ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్ల పెట్రోల్ నిండినంక ఆపేది) కారుతున్నట్టు. జిగటగుండి, తెల్లపొగ ఆగక, గేర్ ఆయిల్ తగ్గుతుంటే క్లచ్ దిక్కు సీల్ పోయినట్టు. దానికి ఏ ట్యూనింగూ పనిచెయ్యదు.

పాలమూరు_ట్విన్:
లీకు బందయినంక సింక్. ముందుగాల రెండిట్ల పైలట్ జెట్, మెయిన్ జెట్ (పెట్రోల్ పోయే సన్న రంధ్రాలు) నంబర్లు, నీడిల్ క్లిప్ గాడి ఒక్కటే ఉన్నయా చూడు. పాత బండ్లల్ల ఎవరో ఒకటి మార్చి ఉంటరు.

ఇంజన్ బంద్ జేసి ఫిల్టర్ రబ్బర్లు తియ్యి. పైన కేబుల్ అడ్జస్టర్లు లూజు చెయ్యి, స్లైడులు (గాలి దారి తెరిచి మూసేటివి) పూర్తిగ దిగాలె. రెండిటి కింద ఒకే సైజు డ్రిల్ బిట్ పెట్టి, అది జర రాసుకుంట బయటికి వచ్చేదాక ఐడిల్ స్క్రూ బిగించు. ఇగ రెండూ ఒకే ఎత్తు. స్టార్ట్ చేసినంక ఐడిల్ ఎక్కువ తక్కువైతే రెండు స్క్రూలూ సమానంగనే తిప్పు, 1200 దగ్గర నిలుపు. ఎయిర్ స్క్రూ పావు చుట్టు పావు చుట్టు తిప్పి, ఆర్‌పీఎం ఎక్కువ లేచిన చోట వదిలెయ్యి. లోపలికి తిప్పితే పెట్రోల్ పెరుగుతది, బయటికి తిప్పితే తగ్గుతది.

ఆఖరికి కేబుల్. ఇంజన్ బంద్ జేసి రెండు కార్బొరేటర్ల మూతుల వేళ్లు పెట్టు, పక్కోనితోని గ్రిప్ మెల్లగ తిప్పించు. రెండు స్లైడులూ ఒక్కసారే లేవాలె. టపుక్కున వదిలితే ఒక్క "టక్" వినబడాలె. "టక్-టక్" అంటే ఇంకా తేడా ఉన్నట్టే. ఒక్కో అడ్జస్టర్ దగ్గర 1 ఎంఎం లూజు ఉంచు. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగ తిప్పినా ఐడిల్ పెరగొద్దు.

మిర్యాలగూడ_టూస్ట్రోక్:
రబ్బరు కింద పగిలి ఉండె, మార్చిన. ఇప్పుడు ఒక్కటే టక్. ఇంజన్‌కు ఆయిల్ అందించే పంపు కేబుల్ ముట్టాల్నా?

నల్లగొండ_స్పానర్:
ముట్టాల్సిందే. ఒక్క గ్రిప్ కేబులే మూడుగ చీలి రెండు కార్బొరేటర్లకు, పంపుకు పోతది. కార్బొరేటర్ల లూజు మారితే పంపు లెక్క తప్పుతది. గ్రిప్ లూజు పోయిన చోట పంపు పుల్లీ మీది మార్కు పిన్నుకు ఎదురుగ రావాలె. ఎనకబడితే ఆయిల్ తక్కువై, ఎండల నార్కట్‌పల్లి రోడ్డు మీద ఫుల్ త్రాటిల్‌ల పోతుంటే పిస్టన్ పట్టేస్తది. పంపు తీసేసి పెట్రోల్లనే ఆయిల్ కలుపుకునేటోళ్లకు ఈ తిప్పలు లేవు.