కాలేజీ రెజ్లింగ్ సీజన్‌ని జనవరికి జరపాలా? మీరేమంటారు

అయోవా అల్లుడు:
అమెరికా కాలేజీ రెజ్లింగ్ చూసే తెలుగోళ్ళం పట్టుమని పదిమంది ఉంటామో లేదో, అయినా అడుగుతున్నా. ఇప్పుడు సీజన్ నవంబర్ మొదట్లో స్టార్టయ్యి మార్చి మూడో వారంలో ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే సంస్థ) టోర్నీతో అయిపోతుంది. దీన్ని ఒక్క సెమిస్టర్‌కి కుదించి జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్‌లో ముగిద్దాం అని కోచ్‌లు చాలా ఏళ్ళుగా అంటున్నారు. నేనైతే వందకి వంద ఓకే. నవంబర్, డిసెంబర్‌లో శనివారం కాలేజీ ఫుట్‌బాల్, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్, మధ్యలో థాంక్స్‌గివింగ్, అది అయ్యీ అవగానే ఫైనల్ ఎగ్జామ్స్, ఇంక కుస్తీ ఎవడు చూస్తాడు. పోనీ అసలు టోర్నీ అయినా ప్రశాంతంగా జరుగుతుందా అంటే అదే గురువారం నుంచి మార్చ్ మ్యాడ్‌నెస్, అంటే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ. ఆఫీసులో అందరూ ఎవరు గెలుస్తారో అంచనా రాసుకునే బ్రాకెట్లు పట్టుకుని కూర్చుంటే నేనొక్కణ్ణే ఫోన్‌లో 133 పౌండ్ల మ్యాచ్ పెట్టుకున్నా, పక్క సీటు వాడు వంగి చూసి "డబ్ల్యూడబ్ల్యూఈనా?" అన్నాడు. ఏప్రిల్ మొదట్లో బాస్కెట్‌బాల్ గోల అయిపోతుంది, ఆ తర్వాత పెట్టుకుంటే టీవీ మనదే.

పాతబస్తీ పహిల్వాన్:
గట్ల కాదన్నా. తారీఖు మారిస్తే జనం వస్తరా? 2015 నవంబర్ 14 యాదికుందా, మీ అయోవా వాళ్ళే కినిక్ ఫుట్‌బాల్ స్టేడియం నడిమిట్ల మ్యాట్ ఏసి ఓక్లహోమా స్టేట్‌తోని తలపడ్డరు, 42,287 మంది వచ్చిన్రు. నవంబర్ల! చలిల!

అసలు రోగం ఏందంటే డ్యూయల్స్‌కి విలువ లేదు. తెల్వనోళ్ళకు చెప్తున్న, డ్యూయల్ అంటే రెండు కాలేజీలు, 125 పౌండ్ల కాడికెళ్ళి 285 దాంక 10 వెయిట్లు, 10 కుస్తీలు, మామూలుగ గెలిస్తే టీమ్‌కి 3 పాయింట్లు, పిన్ చేస్తే (రెండు భుజాలు మ్యాట్‌కి ఆనిస్తే) 6. సీజనంత నడిచేది ఎక్కువ గివే. గని టీమ్ టైటిల్ మాత్రం మార్చిల మూడు దినాల టోర్నీల, ఒక్కొక్కడు ఇడిగ ఆడి తెచ్చిన పాయింట్లు కలిపి ఇస్తరు. అంటే జనవరిల ఓడితే ఏం పోయింది? ఏం పోలే. గందుకే కోచ్ స్టార్‌గాన్ని బెంచ్ మీద కూసోబెడ్తడు, మోకాలు జర నొస్తుంది అంటడు. టికెట్ కొన్నోడు పిచ్చోడు. మా తాత తాలీంల కుస్తీ జేసినోడు, దంగల్‌కి పేరిచ్చి రాకుంటే ఆ పహిల్వాన్ మొకం మళ్ల ఎవ్వలు సూడకపోతుండె.

కబడ్డీ సూడున్రి. 2014ల ప్రో కబడ్డీ వచ్చినప్పుడు సీజన్ యాడ పెట్టాలె అని కాదు కొట్లాడింది. 30 సెకండ్ల రెయిడ్, డూ ఆర్ డై రెయిడ్, ప్రతి మ్యాచ్‌కి టేబుల్ల పాయింట్లు. ఊర్ల ఆడే ఆటను అమ్మమ్మలు గూడ టీవీ ముంగట కూసోని సూసిన్రు.

నిట్టనీ నాని:
పహిల్వాన్ బ్రో, టీమ్ టైటిల్ డ్యూయల్స్‌తో తేల్చితే ఏమవుద్దో తెలుసా, మా పెన్ స్టేటే గెలుస్తుంది, అంతే తేడా 😄 2011 నుంచి 2025 దాకా 12 టైటిల్స్ మావే. నేను పెన్ స్టేట్ వాణ్ణే అయినా చెప్తున్నా, టీమ్ రేసు చాలాసార్లు శుక్రవారానికే అయిపోతుంది, బోర్. టోర్నీని నిలబెట్టేది ఆ 330 మంది కుర్రాళ్ళు. ఎవరికీ తెలియని చిన్న కాలేజీ నుంచి ఒక్కడొచ్చి చాంపియన్ అయిపోవచ్చు, డ్యూయల్స్‌లో వాడి టీమ్ మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్ళిపోద్ది, వాడి మొహం ఎవరు చూస్తారు?

2025 ఫిలడెల్ఫియా ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. గేబుల్ స్టీవ్‌సన్ అంటే టోక్యో ఒలింపిక్ గోల్డ్, ఆయన ఓడతాడని ఎవడూ అనుకోలేదు, ఓక్లహోమా స్టేట్ హెండ్రిక్సన్ ఆఖరి అర నిమిషంలో కాళ్ళు దొరకబుచ్చుకుని పడేశాడు, 5-4. నేను సోఫా మీంచి లేచిన లేవడానికి టీ కప్పు కార్పెట్ మీద, ఆ మరక ఇంకా ఉంది, మా ఆవిడ ఇంకా చూపిస్తుంది. టేక్‌డౌన్‌కి (అంటే అవతలివాణ్ణి మ్యాట్ మీద పడేసి పట్టు సాధిస్తే) 2 బదులు 3 పాయింట్లు ఇవ్వడం 2023-24 సీజన్‌లో మొదలైంది కదా, వెనకబడ్డవాడు ఒక్క టేక్‌డౌన్‌తో తిరగబడే ఛాన్స్ పెరిగింది. మార్చాల్సింది రూల్స్ బాబూ, క్యాలెండర్ కాదు.

పద్మ ఒహాయో:
అందరూ టీవీ గురించే మాట్లాడుతున్నారు, పిల్లల గురించి ఒక్కళ్ళూ ఎత్తలేదు. మా వాడు ఒక చిన్న కాలేజీలో 141కి ఆడతాడు. పోయిన థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చాడు, నేను పులిహోర, గారెలు, కోడికూర అన్నీ చేసి పెట్టా. వాడొచ్చి ముందు ఏం చేశాడో తెలుసా, ఇండియా వెళ్ళేటప్పుడు సూట్‌కేసులు 23 కిలోలు దాటాయేమోనని చూసుకునే మిషన్ ఉంటుందిగా, దాన్ని క్లోజెట్‌లోంచి తీసి ఎక్కి నుంచున్నాడు. సోమవారానికి ఇంకా 3 పౌండ్లు తగ్గాలట. గారె ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. తల్లిని కదా, నాకెలా ఉంటుంది చెప్పండి.

1997లో నవంబర్, డిసెంబర్ నెలల్లోనే ముగ్గురు కాలేజీ రెజ్లర్లు బరువు తగ్గించుకోబోయి చనిపోయారు, సీజన్ మొదలయ్యే రోజుల్లోనే. ఆ తర్వాతే బరువు చూడటం మ్యాచ్‌కి ఒకట్రెండు గంటల ముందు పెట్టారు, వారానికి ఇంతకంటే తగ్గకూడదని లెక్క పెట్టారు, ఇప్పుడు చాలా నయం, నేను కాదనను. కానీ పండగలూ పరీక్షలూ బరువు కోతా మూడూ ఒకే ఆరు వారాల్లో ఎందుకండీ? జనవరిలో మొదలెట్టండి. నా ఓటు అల్లుడుగారికే.

నిట్టనీ నాని:
అక్కా, గారె సంగతి చదివి మనసు అదోలా అయిపోయింది. కానీ ఒక డౌటు, సీజన్ జనవరిలో అయితే బరువు కోత సంక్రాంతికి వస్తుంది, అరిసెల టైమ్ 🙂 జోక్ పక్కన పెడితే ఏప్రిల్‌కి ఇంకో చిక్కుంది. కాలేజీలో ఆడేది ఫోక్‌స్టైల్, ఒలింపిక్స్‌లో ఉండేది ఫ్రీస్టైల్, గ్రీకో-రోమన్. ఫ్రీస్టైల్ యూఎస్ ఓపెన్ ఏప్రిల్ చివర్లోనే. మార్చిలో కాలేజీ అయిపోతే నెల రోజులు టైమ్ దొరుకుతుంది, ఒంటికి రెస్ట్ ఇచ్చుకుని స్టైల్ మార్చుకుంటారు. ఏప్రిల్ దాకా లాగితే వాళ్ళేం చేస్తారు?

అయోవా అల్లుడు:
నాని పాయింట్ కరెక్టే, యూఎస్ ఓపెన్‌ని మే చివరికో జూన్‌కో జరపాలి, అది వేరే సంస్థ చేతిలో ఉంది, అంత ఈజీగా ఒప్పుకోరు. దాని గురించి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా.

కానీ పహిల్వాన్, కినిక్ లెక్కలో ఒక మెలిక వదిలేశావ్. ఆ రోజు రాత్రి అదే స్టేడియంలో మిన్నెసోటాతో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, అయోవా ఆ సీజన్‌లో అప్పటికి ఒక్కటి కూడా ఓడలేదు. ఎలాగూ ఊళ్ళోకి దిగిన జనం పొద్దున్నే కుస్తీ కూడా చూసి పోదాం అని వచ్చారు. రోజూ అలా కుదరదు కదా. జనవరిలో మా అయోవా కార్వర్ అరీనాకి వెళ్ళి చూడు. ఆ అరీనా గోతిలో కట్టినట్టుంటుంది, తలుపు తీస్తే నువ్వు పై అంచున ఉంటావ్, కింద బావి అడుగున మ్యాట్. బయట కళ్ళు కనపడనంత మంచు, లోపల మనోడికి టేక్‌డౌన్ పడితే "టూ" అని వేల గొంతులు ఒక్కసారి అరిచేవి (ఇప్పుడు "త్రీ" అనాలి, ముసలాళ్ళకి ఇంకా అలవాటు కాలేదు). అదే టీమ్ నవంబర్‌లో ఎవరో అనామక జట్టుతో ఆడినప్పుడు వెళ్ళా, ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నా.

పాతబస్తీ పహిల్వాన్:
మరి నువ్వే ఒప్పుకున్నవ్ గదనే! జనవరి అని కాదు నిండేది, అవతల పెద్ద జట్టు ఉన్నది గనక నిండింది. గదే నేను అంటున్న. మంచి జోడీ పెట్టు, ఓడితే ఏదో పోవాలె, దినం ఏదైతేంది.

పద్మక్కా, నీ మాటకి మాత్రం నా దగ్గర జవాబ్ లేదు. డిసెంబర్ల వెయిట్ కట్ బంద్ జేస్తమంటే జనవరికి నేను గూడ చెయ్యి లేపుత. గని డ్యూయల్స్‌కి పాయింట్లు పెట్టకుండ ఉత్త తారీఖు జరిపితే మాత్రం ఏప్రిల్ల గూడ గదే బెంచి, గదే మోకాలు నొప్పి.

పద్మ ఒహాయో:
మా వాణ్ణి అడిగా ఇప్పుడే, ఏ నెలైతే నీకు మంచిది అని. "ప్రాక్టీస్‌కి వెళ్తున్నా, తర్వాత" అని మెసేజ్ పెట్టాడు. చెప్తే ఇక్కడ రాస్తా.